మందు కొట్టని నాలుగు సాళ్లు

మా చిన్నప్పుడు... అద్దంకి దగ్గర మా మిరపచేలో ఒక ఏడు ఆకుముడత దిగింది. పొద్దున్నే నాన్న చేలోకి వెళ్లడం, ఆకులు తిరగేసి చూడటం, ఇంటికి రావడం... ఆ ఏడు మేం తినాలన్నా, చదవాలన్నా ఆ చేనొక్కటే దిక్కు. ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడేవాళ్లం కాదు.

మందుల కొట్టాయన కొత్త సీసా చూపించాడు. కొడితే ముడత విప్పుకుంటుందట. విప్పుకోకపోతే నీళ్లలో ఉప్పట... లేదంటే కొట్టిన వేళ మంచిది కాదట... అదీ కాకపోతే నేల గుణమట! నాన్నకి చిర్రెత్తుకొచ్చింది.

"ఏం జరిగితే మీ మందు పనిచెయ్యలేదని ఒప్పుకుంటారండీ?" అని అడిగాడు.

ఆయన నవ్వేసి సీసా చేతిలో పెట్టాడు. దాంతో నాన్న చేనంతా మందు కొట్టి, గట్టు పక్కన నాలుగు సాళ్లు మాత్రం వదిలేశాడు. అవీ ఇవీ ఒకేలా ఉంటే మందు దండగ. తేడా కనిపిస్తే తన అనుమానం తప్పు. ఏది తేలినా ఒప్పుకుంటానని మా అందరి ముందూ చెప్పాడు.

నాయనమ్మ ప్రాణమంతా ఆ నాలుగు సాళ్ల మీదే. పొయ్యి దగ్గర కూర్చున్నా అదే గొణుగుడు... కొందరు పిల్లలకి అన్నం పెట్టి కొందరిని పస్తుంచుతారా అని.

కొన్నాళ్లకి చేనంతా చిగుళ్లు విప్పుకున్నాయి. ఆ నాలుగు సాళ్లు కూడా! ఇది మందు గొప్ప కాదు, వాతావరణం మారి కోలుకుంది అని నాన్న తేల్చేశాడు. తర్వాత ముడత మళ్లీ మొదలైంది. చుట్టుపక్కల చేలవాళ్లు రెండోసారి కొడుతున్నారు... నాన్న మాత్రం కదల్లేదు.

ఆ సాయంత్రం అన్నాలకి కూర్చున్నాం. నాయనమ్మ కంచంలో చెయ్యి పెట్టలేదు.

"ఒరే నాయనా... ఆ సాళ్లకి నేనే కొట్టారా. తొట్లో మిగిలిన మందునీళ్లు చీపురుతో చిలకరించా. ఎండిపోతా ఉంటే చూస్తా ఎట్టా ఉండేది?"

నాన్న చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. భయంతో నేను అమ్మ కొంగు పట్టుకున్నాను. ఆయన తిట్టలేదు. తెల్లారగానే సీసా తెచ్చి చేనంతా కొట్టించాడు... ఇంకా ఏమీ తేలలేదు కదా అని, ఆ నాలుగు సాళ్లూ మళ్లీ వదిలాడు.

"ఈసారి నువ్వే కాపలా ఉండమ్మా" అన్నాడు.

పాపం, నాయనమ్మ రోజూ గట్టు మీద కూర్చుంది. ఎవర్నీ అటు రానివ్వలేదు... తనూ వెళ్లలేదు. ఆ సాళ్లు కళ్లముందే ముడుచుకుపోయాయి. మిగతా చేను పచ్చగా నిలబడింది. నాన్న కొట్టుకి వెళ్లి, తన అనుమానం తప్పని నలుగురిలో చెప్పి వచ్చాడు. ఆ ఉప్పు, వేళ, నేల గుణం కబుర్లు మాత్రం చచ్చినా ఒప్పుకోలేదు.

ఆ సాళ్లకి కాసిన గుప్పెడు కాయల్ని నాయనమ్మ విడిగా ఎండబెట్టింది. మందు సంగతి తేల్చి చేనుని బతికించింది ఇవేనని అందరికీ చూపించేది.

ఇప్పుడు మా ఫ్యామిలీ గ్రూపులో రోజుకో కషాయం, రోజుకో చిట్కా... వాడాం, తగ్గింది అంటారు. వాడనివాళ్లకి తగ్గలేదా అని అడిగితే నాకు పొగరంటారు. తప్పని తేలితే ఒప్పుకుంటామని ముందే చెప్పేవాళ్లు ఒక్కరూ కనిపించరు... మనసుకి బాధగా ఉంటుంది.

మీ ఇళ్లల్లో ఎవరైనా ఉండేవారా... నిజం తెలియడం కోసం నాలుగు సాళ్లు వదిలేసి, ఏడుపు దిగమింగుకుని గట్టు మీద కూర్చున్నవాళ్లు?