కథ కింద నా పేరు

పద్దెనిమిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఆయనకు కూడా. నేనెవరో మీకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను కథలు రాస్తాను. హిందూపురంలో నన్ను రచయిత్రి అంటారు. మొన్న ఒక కాలేజీలో పిల్లలు అడిగారు, "మేడం, రాయాలని మీకు ఎట్లా అనిపించింది?" అని. మా అవ్వ చెప్పిన కథలు విని అని చెప్పాను. మా అవ్వ ఒక్క కథా చెప్పలేదు. ఆమెకు అంత తీరిక ఎక్కడిది?

జరిగింది వేరు. పెళ్ళికి ముందు నేను పెనుకొండ నుంచి రోజూ ధర్మవరం పోయి ఒక డీటీపీ సెంటర్లో టైపు చేసేదాన్ని. పెళ్ళి పత్రికలు, అర్జీలు, కరపత్రాలు. ఒక మధ్యాహ్నం ఒకమ్మాయి వచ్చింది. సుజాత అనుకుందాం. మగ్గాలకు దారం కండెలు చుట్టే పని ఆమెది. నాకంటే రెండు మూడేళ్ళు చిన్నది. చీరల డిజైన్లు గీసే గళ్ళ కాగితాల వెనక పెన్సిల్‌తో కథ రాసుకొచ్చింది. దాన్ని ఒక వారపత్రికకు పంపాలట. ఎవరో పడేసిన పాత సంచికలో అడ్రసు చూసిందట.

"తప్పులుంటే దిద్ది నువ్వే పంపక్కా. నేను ఏడు వరకే చదివినా," అంది.

టైపు చేయడం మొదలుపెట్టాను. కథలో ఒకామె, తాను నేసిన పెళ్ళిచీర పెళ్ళికూతురి మీద ఎలా ఉందో చూద్దామని కల్యాణమండపానికి పోతుంది. గేటు దగ్గరే ఆపేస్తారు. దూరం నుంచి చీరను గుర్తుపడుతుంది. కట్టుకున్న పిల్ల ముఖం చూడడం మరిచిపోతుంది. అంతే కథ. చివరి పేరా దగ్గర నా వేళ్ళు ఆగిపోయాయి. అంతవరకు అక్షరాలంటే నాకు పని. మాటలతో మనిషిని ఇలా పట్టుకోవచ్చని ఆ రోజే తెలిసింది. నాకూ రాయాలనిపించింది. కాదు, అది నన్ను మంచిదాన్ని చేసి చెప్పడం. ఆ కథ నేను రాసి ఉంటే బాగుండుననిపించింది. రెండూ ఒకటేనా? ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోతున్నాను.

ఆమె పేరు కొట్టాల్సిన చోట నా పేరు కొట్టాను. ఎలా కనబడుతుందో చూసి చెరిపేద్దామనుకున్నాను. చెరపలేదు. ప్రింటు తీసి, కవరులో పెట్టి, పోస్టాఫీసు దాకా నడిచి, డబ్బాలో వేశాను. అంత దూరం నడిచినదాన్ని, తెలియక చేశానని ఎలా అనను?

మూడు నెలలకు అచ్చయింది. ఆ వారమే సుజాత వచ్చింది. పత్రిక నా టేబులు సొరుగులోనే ఉంది.

"ఏమాయె అక్కా, నా కథ?"

"తిరిగొచ్చింది."

"ఏమన్నా రాసినారా వాళ్ళు?"

ఏమీ రాయలేదనొచ్చు. అక్కడితో ఆగొచ్చు. కానీ ఆమె మళ్ళీ రాసి మళ్ళీ పంపితే నా గుట్టు బయటపడుతుంది కదా. "బాగలేదంట. నీకు రాసేది రాదు, ఇంక పంపొద్దని రాసినారు," అన్నాను.

ఆమె ముఖంలోకి చూడలేదు నేను. "అట్లనా. నిజమేలే అక్కా. ఊరికే నీకు శ్రమ ఇస్తి," అని వెళ్ళిపోయింది.

కథ దొంగిలించాను, సరే. ఆ మాట ఎందుకన్నాను? దొంగిలించిన కథ ఒక్కటే. ఆ మాటతో ఆమె రాయబోయేవన్నీ పోయాయి.

తరువాత నిజంగానే కష్టపడి రాశాను. వచ్చిన పేరుకు తగినదాన్ని కావాలని, కొట్టేసి, చించేసి, మళ్ళీ రాశాను. అవన్నీ నావే. ఒక్కటి కూడా ఆ రెండు పేజీల పక్కన నిలవదు. అది నాకు తెలుసు. నా పుస్తకంలో మొదటి కథ మాత్రం అదే; తీసేస్తే ఎందుకు తీశావని అడుగుతారని ఉంచేశాను.

పోయిన ఏడు చెప్పేద్దామని ధర్మవరం బస్సెక్కాను. సుజాత ఇల్లు దొరికింది. ఇప్పుడు ఆమే మగ్గం నేస్తోంది. నన్ను చూసి ఎంత సంతోషపడిందో. నేను రాస్తానన్న సంగతే ఆమెకు తెలియదు. ఆ రోజు తరువాత పత్రికలు ముట్టుకోలేదట. గడప దగ్గర ఆమె కూతురు, తొమ్మిదో తరగతి పిల్ల, నోటుబుక్కులో ఏదో రాసుకుంటోంది.

"పొద్దస్తమానం అదే రాస్తాంటాది అక్కా. మనకు రాదు పాపా అది, నేను రాసి చూసినా, బాగలేదని చెప్పినారు అంటే ఇనదు. నా కథ నువ్వు చూసినావు కదా. నువ్వన్నా చెప్పు."

పిల్ల తలెత్తి నా వైపు చూసింది. నోరు తెరిచాను. చెప్పడానికే కదా అంత దూరం పోయింది?

"ముందు బాగా చదువుకో పాపా," అన్నాను.

పిల్ల పుస్తకం మూసేసింది. సుజాత కాఫీ కలపడానికి లోపలికి పోయింది. తాగి వచ్చేశాను.

మళ్ళీ పోలేదు. పోతానని మీకు మాట ఇవ్వలేను. నన్ను నేను ఎరుగుదును. ఇది అచ్చయినా ఆ ఇంటికి చేరదు. పైగా పేరు పెట్టకుండా రాస్తున్నాను. ఇదేం ఒప్పుకోలని మీరు అడగొచ్చు. క్షమించమని కూడా అడగను. క్షమించాల్సింది మీరు కాదు.

ఆ కథ నాది కాదు. బాగలేదన్నది పత్రికవాళ్ళు కాదు, నేను. ఇప్పటికి ఇంత రాయగలిగాను.