గోంగూర కాని మొక్క

మొన్న నా పాత నోటు పుస్తకంలోంచి జారిపడ్డ ఎండుటాకును మనవరాలు ఫోను ముందు పెట్టి, రెప్ప వేసేలోగా "మేపుల్, అమ్మమ్మా" అని చెప్పి తన పనిలో పడిపోయింది. ఆ ఒక్క మాట కోసం నేను నెలల తరబడి తిరిగానంటే అది నమ్మదు గానీ, తలుపులు మూసుకుని రేడియో సన్నగా పెట్టుకున్న రోజులు చూసిన నా ఈడువాళ్ళు మీరైతే నమ్ముతారు.

ఎనభై ఎనిమిది ఎండాకాలంలో, బాటనీ చదివే మా అన్నయ్య బర్మా ఉత్తరాన చల్లటి మేమ్యో కొండల నుంచి ఒక మొక్కను పాలపొడి డబ్బాలో నాటి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని మరీ తెచ్చాడు. దొరల కాలంలో ఏదో చలిదేశం నుంచి తెచ్చి వేసిన చెట్టు పిల్ల ఇది, పేరు నేను చెప్పను, నువ్వే కనిపెట్టు అంటూ, దాని తల్లిచెట్టు కింద ఏరిన రెక్కల గింజల జంటను కూడా నా చేతిలో పెట్టాడు. వానాకాలంలో సైనిక పాలన వద్దంటూ ఊరంతా వీధుల్లోకి వచ్చింది, తుపాకులు పేలాయి, కాలేజీలు మూతపడ్డాయి, సెప్టెంబరులో వాడు స్నేహితులతో కలిసి సరిహద్దు అడవులకు వెళ్ళిపోయాడు. యాంగోన్ పట్నంలోని మింగళ తౌంగ్‌న్యున్‌లో మా మేడ మీది వరండాలో అమ్మా, నేనూ, ఆ డబ్బా మొక్కా మిగిలాం.

ముందు పొరపాటు పడింది అమ్మే. వేళ్ళు చాచిన అరచేయిలా ఉన్న ఆకును చూసి గోంగూర అనుకుని, కూరలు దొరకని ఒక కర్ఫ్యూ రోజున నాలుగాకులు తుంచి పప్పులో వేసింది. పులుపు తగలలేదు సరికదా, ఆకు ఉడకనే లేదు. "ఏటే ఇది, మీ అన్న తెచ్చిన గోంగూర కూడా వాడిలాగే మొండిదా?" అని నవ్వింది. వాడు వెళ్ళాక అమ్మ నవ్వడం అదే మొదటిసారి.

ఆ నవ్వు చూశాకే నాకు ఆ మొక్క పిచ్చి పట్టుకుంది. గోంగూర కట్ట కొనుక్కొచ్చి పక్కన పెట్టి చూశాను. గోంగూర ఆకులు కాడకు ఒకటి ఇటు, ఇంకొకటి కాస్త పైన అటు వస్తాయి. దీనివి ఒకే కణుపు దగ్గర ఎదురెదురుగా జంటగా ఉన్నాయి. పత్తి అనుకుందామా, ఆముదం అనుకుందామా అంటే అవీ గోంగూర దారే. కర్ఫ్యూ సడలిన పూటల్లో మా చర్చి పాస్టరుగారి ఇంటికి వెళ్ళి, చెదలు తినగా మిగిలిన బొమ్మల నిఘంటువును పేజీ పేజీ తిరగేస్తే, చివరికి డిసెంబరులో ఎదురెదురు ఆకులూ రెక్కల గింజలూ ఒకే బొమ్మలో కనిపించాయి. పేరు దొరికింది. ఎంత గర్వపడ్డానో, చెప్పుకోవడానికి మాత్రం వాడు లేడు.

ఆ వారమే ఆకులన్నీ ఎర్రబారి రాలిపోయాయి. మొక్క చచ్చిందంటే కొడుకూ లేడనే అనుకుని అమ్మ అన్నం మానేసింది. ఈ చెట్లు చలికి ఆకు రాల్చి నిద్రపోతాయని నిఘంటువులో ఉంది గానీ, పుస్తకంలో రాత చూపిస్తే వినే మనిషా అమ్మ? కొమ్మ మీద బెరడును గోటితో గీకి చూపించాను. లోపల లేత పచ్చ. వంగి చాలాసేపు చూసి, కంచం పెట్టమంది.

తర్వాత రెండు చలికాలాలు గీకి చూడటం అమ్మ పనే అయింది. ఆ మరుసటి ఏడు మంచం పట్టి నన్ను పంపింది. యాంగోన్ వేడికి మొక్క తట్టుకోలేకపోయిందేమో, ఎక్కడ గీకినా లోపలంతా ఎండిపోయి ఉంది.

"పచ్చగున్నాదా?" అని లోపలి నుంచి అడిగింది.

"ఉన్నాదమ్మా" అన్నాను.

మళ్ళీ చిగుళ్ళు రావలసిన నెలకు అమ్మ లేదు. అన్నయ్య కబురు ఇప్పటికీ లేదు.

ఇప్పటి పిల్లలకు ఏ ఆకు పేరైనా క్షణంలో తెలిసిపోతుంది, నాకు అసూయే. ఆకును మళ్ళీ పుస్తకంలో దాచి మనవరాలిని పిలిచి, వరండాలో ఆకు రాల్చిన దానిమ్మ బెరడును గోటితో గీకి చూడమన్నాను. ఎందుకని అడిగింది. పచ్చగా ఉందో లేదో చూసి, ఏది ఉంటే అదే చెప్పమన్నాను.