అత్తాకోడళ్లూ గొలుసోడూ

గోడౌన్‌లో అందరూ ఆమెను ఇంజిన్ అని పిలిచేవారు. ఫోర్క్‌లిఫ్ట్ నడపడం ఆమె పని. పక్కవాళ్లు ఒక లోడు దించి టీ గ్లాసు అందుకునేలోపు ఆమె ఇంకోటి ఎత్తేసేది. నిదానంగా పని చేసేవాళ్లను చూస్తేనే ఆమెకు ఒళ్లు మండేది. ఆ తొందరలోనే ఒకరోజు బండి పూర్తిగా ఆగకముందే కిందికి దూకింది. నేల తడిగా ఉంది. పాదం మెలిపడి చీలమండ విరిగింది. డాక్టరు మోకాలి దాకా కట్టు కట్టి, రెండు నెలలు ఆ కాలు కింద మోపొద్దన్నాడు.

ఇంట్లో ముగ్గురే మనుషులు. ఆమె, ప్లంబరు పని చేసే భర్త, అతని తల్లి. అత్తాకోడళ్ల మధ్య గొడవలేం లేవు. అలాగని కబుర్లూ లేవు. "నీళ్లు పట్టావా", "గడియ పెట్టారా" అనుకోవడంతోనే ఏళ్లు గడిచిపోయాయి. ఇప్పుడేమో పగలంతా ఇద్దరూ ఒకే గదిలో. కోడలు సోఫాలో, దిండు మీద కాలు చాపుకుని. అత్త కిటికీ దగ్గర కుర్చీలో, స్వెటర్ అల్లుకుంటూ.

పొద్దుపోక కోడలు, భర్త ఆడే వీడియో గేమ్ మొదలుపెట్టింది. కత్తి పట్టిన ఓ యోధురాలు పాడుబడ్డ కోటలో రాక్షసుల్ని చంపుకుంటూ ముందుకు పోవాలి. చంపేకొద్దీ బలం పెరుగుతుంది, కొత్త ఆయుధాలు దొరుకుతాయి. చిన్నాచితకా వాళ్లను ఆమె చకచకా నరికేసింది. చెరసాల చివర్లో మాత్రం ఒకడు తగిలాడు. ఇంటి కప్పంత ఎత్తు, కుళ్లిన మొహం, చేతిలో పొడవాటి గొలుసు, దాని చివర ఇనప గుండు. వాడికి ఆమె పెట్టిన పేరు గొలుసోడు. భర్త కూడా వీడి దగ్గరే విసుగెత్తి ఆట మానేశాడు.

గొలుసోడు ఆమెను చీమను నలిపినట్టు నలిపేశాడు. మళ్లీ వెళ్లింది, మళ్లీ చచ్చింది. మధ్యాహ్నమంతా ఇదే తంతు. కోపం ఆపుకోలేక దిండును ఓ గుద్దు గుద్దింది.

"గొలుసు చప్పుడు ఆగాక తప్పుకోవాలమ్మాయ్. నువ్వేమో మోగుతుండగానే మీటలు టకటకలాడిస్తున్నావు" అంది అత్త, అల్లిక మీంచి తలెత్తకుండానే.

కోడలు విస్తుపోయింది. "మీరసలు ఇటు చూడటమే లేదుగా అత్తయ్యా?"

"ఆ దిక్కుమాలిన మొహం చూడటం నా వల్ల కాదు. చెవులు మూసుకోలేను కదా! గొలుసు గరగరమని ఈడ్చుకొస్తాడు. ఉన్నట్టుండి చప్పుడు ఆగుతుంది. ఆ వెంటనే ధన్‌మని పడుతుంది, నువ్వు కుయ్యిమంటావు. పొద్దుట్నుంచీ వింటున్నా."

కోడలు ఇంకోసారి వెళ్లింది. గరగర వినిపించినంతసేపూ వేళ్లు బిగబట్టుకుని కూర్చుంది. చప్పుడు ఆగగానే దొర్లింది. గుండు పక్కన నేలను బద్దలు కొట్టింది. ఆమెకు మాత్రం చిన్న గీత కూడా పడలేదు.

అక్కడి నుంచి మిగతావి తనే కనిపెట్టుకుంది. వెనక్కి దొర్లితే గుండు వెంటపడి కొడుతోంది. ముందుకి, సరిగ్గా వాడి చంక కిందికి దొర్లితే అందదు. ఒంటిమీది బరువైన ఇనప కవచం తీసేసి తోలుది తొడిగితే ఒళ్లు తేలికై, దొర్లడం చురుగ్గా ఉంది. నేలలో దిగబడ్డ గుండును వాడు లాక్కునేంతసేపే గాయాలు మాన్పే మందు తాగడానికి సందు. ఇక తెర అంచున పచ్చగీత ఒకటి ఉంటుంది, అది ఒంట్లో దమ్ము. కత్తి ఆడించినప్పుడల్లా అది తరుగుతుంది. తప్పించుకోవడానికి సరిపడా మిగుల్చుకోకపోతే గుండు కింద నిలబడి చావాల్సిందే.

అన్నీ తెలిసినా ఆ ఆఖరిదే చేతకాలేదు. కొట్టడం మొదలుపెడితే ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ దమ్మంతా ఊడ్చేసుకునేది. గొలుసోడి ప్రాణం సగానికి దగ్గరపడినప్పుడు కూడా అలాగే ఎగబడి చచ్చిపోయింది.

"మళ్లీ ఒక్క దెబ్బకి ఆశపడ్డావు. బండి మీంచి దూకినప్పుడూ ఇంతే అయ్యుంటుంది" అంది అత్త.

కోడలికి చుర్రుమంది. "అంత తెలిసినవారు మీరే ఆడుకోండి!"

అత్త ఊలు ఉండా సూదులూ తీసుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయింది. సాయంత్రం భర్త వచ్చి ఇద్దరి మొహాలూ చూశాడు. "ఏంటి, ఇద్దరూ మూతులు ముడుచుకున్నారు?" అన్నాడు.

మర్నాడు కోడలు ఒంటరిగా ఆడింది. చప్పుడు ఆమెకూ వినిపిస్తూనే ఉంది. కానీ కళ్లు వాడి మొహం మీద, వేళ్లు కత్తి మీద ఉంటే చెవి పనిచెయ్యడం లేదు. నిన్నటి పాటి కూడా నెగ్గుకు రాలేకపోయింది. కాసేపటికి కంట్రోలర్ పక్కన పడేసి, చంకకర్ర సాయంతో కుంటుకుంటూ లోపలి గది గుమ్మం దాకా వెళ్లింది.

"అత్తయ్యా, నిన్న మీరన్నది నిజమే. నిజం కాబట్టే అంత మండింది."

"నేనూ నోరు పారేసుకున్నాలే. నొప్పితో ఉన్న మనిషిని అనాల్సిన మాట కాదు." అత్త ఊలు చుట్టుకుంటూ, "ఏమన్నాడు ఇవాళ నీ గొలుసోడు?" అంది.

"చితక్కొట్టాడు."

"పద. కానీ నేను ఆగు అంటే ఆగాలి."

ఈసారి గొలుసోడి ప్రాణం సగానికి పడింది. అప్పుడు వాడు పెడబొబ్బ పెట్టి తన గొలుసు తనే తెంపుకున్నాడు. ఉత్త చేతులతో మీద పడ్డాడు. కోడలు చచ్చింది.

"ఇప్పుడేం వినబడలేదే?" అంది అత్త కంగారుగా.

"గొలుసు తెగిపోయిందత్తయ్యా. ఇక మీరు చూడాల్సిందే."

అత్త నిట్టూర్చి కుర్చీని టీవీ వైపు తిప్పుకుంది. దూరపు చూపు కళ్లద్దాలు పెట్టుకుంది. "ఛీ ఛీ, ఏం మొహం రా నీది!" అంటూనే చూపు తిప్పుకోలేదు. "నువ్వు కొట్టకు. ఊరికే వాడి చుట్టూ తిరుగు. నన్ను చూడనీ."

ఒక్క దెబ్బ కూడా వెయ్యకుండా తిరగడం కోడలికి నరకంలా ఉంది. అయినా తిరిగింది. చచ్చింది, మళ్లీ వెళ్లి తిరిగింది. చివరికి అత్త సూదితో తెరకేసి చూపించింది.

"ఎడమ కాలు ఈడుస్తున్నాడు, చూశావా? అటు వెళ్లావంటే వాడు తిరిగేసరికి తెల్లారుతుంది. రెండు వేసి తప్పుకో."

అలాగే చేశారు. కోడలు వాడి ఎడమ పక్కకు చేరి రెండు దెబ్బలు వేస్తుంది, అత్త "చాలు" అంటుంది, కోడలు తప్పుకుంటుంది. గొలుసోడి ప్రాణం వెంట్రుకవాసికి వచ్చింది. ఇంకొక్క దెబ్బ. కోడలి బొటనవేలు మీట మీదకి వెళ్లిపోయింది.

"ఆగు!"

పళ్ల బిగువున ఆగింది. వాడి పిడికిలి గాలిని కోసుకుంటూ పక్కనుంచి పోయింది. పచ్చగీత నిండాక చంక కిందికి దొర్లి, పాదం వెనక ఒకటి వేసింది. గొలుసోడు మోకాళ్ల మీద కూలి, బూడిదై రాలిపోయాడు.

కోడలు ఆనందంతో కేక పెట్టింది. అత్త లేచి నిలబడింది. ఒళ్లోని అల్లిక జారి కింద పడింది, సూది మీది కుట్లన్నీ ఊడిపోయాయి. ఆవిడ వాటిని పట్టించుకోలేదు.

"పాపం, ఆ కుంటికాలితో అంతసేపు నిలబడ్డాడు" అంది.

"చంపించిన తర్వాత జాలేంటి అత్తయ్యా!"

సాయంత్రం సంగతి విని భర్త పనిముట్ల సంచి భుజాన ఉండగానే నిలబడిపోయాడు. "నేను లేకుండా చంపేశారా? నాకోసం ఆగొచ్చుగా!"

"నువ్వుంటే మాట వింటావా ఏమన్నా?" అంది తల్లి. ఆ తర్వాత ఎలా చంపారో ఇద్దరూ ఒకేసారి చెప్పడం మొదలెట్టారు. అతనికి సగం కూడా అర్థం కాలేదు.

కట్టు విప్పాక కోడలు మళ్లీ గోడౌన్‌కు వెళ్లింది. సెలవు రోజుల్లో మాత్రం ఇద్దరూ టీవీ ముందు చేరతారు. అత్త కంట్రోలర్ ముట్టుకోదు. ఎటు వెళ్లాలో, ఎప్పుడు ఆగాలో చెబుతుంది, వినకపోతే కసురుతుంది. ఇప్పుడు రెండు తలల గద్ద ఒకటి అడ్డం కూర్చుంది. ఆ గద్ద ఎగిరే ముందు ఎడమ తల వంచుతుందని అత్త అంటుంది. కాదు, కుడిదని కోడలు అంటుంది. ఆ గొడవ ఇంకా తేలలేదు.