గోదావరిలో కలిసిన జొన్నరొట్టె

ఏ ప్రయోగశాలకూ దొరకని సంగతి కాబట్టి దీన్ని రాసి పెడుతున్నాను.

విజయనగరం నుంచి వచ్చిన నేను, బోధన్ బస్సులో పక్కన కూర్చున్న ఎల్లవ్వకు నా గ్రంథాలయ చదువు వినిపించాను. "వందల ఏళ్ల కిందటి మనిషి జొన్నలు తిన్నాడో వరి తిన్నాడో, పూడ్చిన ఎముకను పరీక్షించి చెప్పొచ్చు అవ్వా."

ఆమె సద్దిమూట విప్పుతూ నవ్వింది. "మా ముసలాయనను కాలవెట్టి, బొక్కలు కందకుర్తి కాడ గోదాట్ల కలిపినం. గిప్పుడు గా నీళ్లను అడుగుతవా బిడ్డా?"

కాల్చే ఊళ్లలో ఎవరేం తిన్నారో ఎముకలు చెప్పవని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. "మరి ఆయన ఏం తినేవారు?"

"జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. ఇంట్ల సన్నబియ్యమున్నా రొట్టె ఇడువలే. రాసుకో, మరిసిపోతవు. బక్కన్న రొట్టె తిన్నడు." సగం రొట్టె నా చేతిలో పెట్టింది.

రాసుకున్నాను. ఎముకల పుస్తకం వెతికిచ్చిన గ్రంథపాలకుడు రాజేశ్వర్‌కూ, రొట్టె పెట్టిన ఎల్లవ్వకూ, కడదాకా రొట్టె విడవని బక్కన్నకూ కృతజ్ఞతలు.