ముందు నువ్వు దిగు ప్రభువా

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, సొంత ఇంట్లో ఉన్న గుంతను చూసి ప్రాణభయంతో బతికినదాన్ని నేను, ఈరోజు మీ ముందు నిలబడి మాట్లాడుతున్నానంటే అది దేవుని కృప, ఆయనకే మహిమ!

నన్ను పెంచింది మా అవ్వ. ధర్మవరంలో ఆమె నేసిన పట్టు మగ్గం మీదే నేనూ నేత నేర్చుకున్నాను. మా వీధిలో ఎవరింట్లో కాన్పు అయినా, ఎవరు జ్వరంతో పడుకున్నా, వాళ్లు చర్చికి వచ్చేవాళ్లా రానివాళ్లా అని చూడకుండా గంజి కాచి తీసుకుపోయేది, మా గిన్నెలు ఎవరెవరి ఇండ్లలో ఉన్నాయో ఆమెకే గుర్తుండేది కాదు, మేము కసురుకుంటే నవ్వేది. పోయిన ఏడు ఆ తల్లి పెనుకొండలో మా మామ ఇంట్లో ప్రభువునందు నిద్రించింది.

సమాధి దగ్గర పెట్టెను తాళ్లతో దించుతుంటే నేను లోపలికి తొంగి చూశాను. అక్కడ మొదలైంది నా భయం! మగ్గం నేయాలంటే నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి, అడుగున కర్రలు తొక్కాలి కదా. ఇంటికొచ్చి మగ్గం దగ్గర కూర్చోబోతే అదే మన్ను వాసన, అదే చీకటి, కాళ్లు దించగానే ఎవరో లోపలికి లాగుతున్నట్టు అనిపించి, కేక పెట్టి బయటపడ్డాను. మరుసటి రోజూ అంతే! ఇక ఆ గదిలోకి పోవడమే మానేశాను. తర్వాత నన్నూ అలాగే దించుతారన్న తలంపు తప్ప ఇంకో తలంపు లేదు. మా ఆయన హిందూపురంలో డాక్టరుకు చూపించాడు, మాత్రలకు నిద్ర వచ్చేది గాని భయం పోలేదు. "భయం తీసెయ్యి ప్రభువా, తీసేస్తేనే దిగుతా" అని ఉపవాసముండి ప్రార్థించాను. తీయలేదు. అవ్వకున్న విశ్వాసంలో ఆవగింజంత కూడా నాకు లేదని, దేవుడు నన్ను వదిలేశాడని కుమిలిపోయాను.

చివరికి మా ఆయన విసిగిపోయి, "ఎన్నాళ్లని చూసేది? మగ్గం పీకేసి గుంత పూడ్చేద్దాం, బెంగుళూరికి పోదాం పా" అన్నాడు. అవ్వ మగ్గం! సగంలో ఆగిపోయిన పెండ్లి చీర ఇంకా దాని మీదే ఉంది. ఆయన మన్ను కూడా తెప్పించి వాకిట్లో పోయించాడు.

ఆ మన్ను చూసి పక్కింటి రత్నమ్మవ్వ లోపలికి వచ్చింది. ఆమె విశ్వాసి కాదు, మా అవ్వతో పాటే ఆ వీధికి కోడలిగా వచ్చి మగ్గం నేసిన మనిషి. మా అవ్వ ధైర్యం నాకు రాలేదని ఆమె ముందు ఏడ్చాను.

"ఎవురికి ధైర్యం, మీ అవ్వకా?" అంది ఆమె. "ఆయమ్మ కొత్త కోడలుగా ఉన్నప్పుడు ఆ గుంతలోనుంచి నాగుపాము లేసె. అప్పట్నించి కాళ్లు దించాలంటే ఆయమ్మకు వణుకే. మీకెవురికీ చెప్పల్యా. దినామూ గుంత గట్టున కూచోని, 'ముందు నువ్వు దిగు ప్రభువా, నీ యెనక నేను దిగుతా' అంటాండె. నువ్వేమే, భయం పోయినాంకనే దిగుతానంటాండావు?"

సహోదరులారా, ఆమె చెయ్యి పట్టుకుని ఆ గదిలోకి పోయాను, గట్టున కూర్చుని అవ్వ ప్రార్థనే చేశాను. సమాధిలోకి అవ్వకంటే ముందు, నాకంటే ముందు దిగి, లేచి వచ్చినవాడు నా యేసయ్యే కదా అని అప్పుడు నా మనసుకు తట్టింది. వణుకుతున్న కాళ్లనే దించాను. వణుకుతూనే వేలెడంత నేశాను. దేవునికే స్తోత్రం! పెండ్లి చీర పూర్తయింది, వాకిట్లో మన్ను రత్నమ్మవ్వ ఇంటి ముందు పల్లం పూడ్చడానికి పనికొచ్చింది.

భయం పోయిందా అని అడుగుతారేమో. పోలేదు, ఈరోజు పొద్దున కూడా వణికాను. మీలో ఎవరైనా ఆసుపత్రి గుమ్మం దగ్గరో, కోర్టు మెట్ల దగ్గరో, భయం పోయాక అడుగు వేద్దామని ఆగిపోయి ఉంటే, భయంతోనే రండి, ఆయన్ని నమ్మి రండి. మీరు దిగేచోట ఆయన ముందే ఉన్నాడు.