చూరుకు తగిలించి చూడాలి

మిసుజుకి కుదురు లేదు. కొరియర్ వ్యాను తోలినన్నాళ్ళూ ఆ కాళ్ళకి పని ఉండేది. మోకాలు దెబ్బతిని ఉద్యోగం మానేశాక, కూర్చున్న చోటే ఏదో బండి నడుపుతున్నట్టు ఉండేది. అలాంటి మనిషి, మా టోఫు కొట్టుకి ఎదురుగా ఉన్న క్యూజో మాస్టారి దగ్గర కాగితం లాంతర్ల మీద అక్షరాలు రాయడం నేర్చుకుంటుందంటే వీధిలో ఎవరూ నమ్మలేదు.

మాస్టారి పద్ధతి పాతది. అక్షరానికి అంచుగీత గురువు గీస్తాడు, లోపల సిరా శిష్యులు నింపుతారు. వెదురు పుల్లల మీద కాగితం ఎగుడుదిగుడు. కుంచె ప్రతి పుల్ల దగ్గరా ఎక్కి దిగాలి. మిసుజు ఏళ్ళ తరబడి నింపుతూనే ఉంది. "గీత నాకెప్పుడిస్తారు మాస్టారూ?" అంటే, "కాస్త నిలబడడం వచ్చాక" అనేవాడు.

అది రాకముందే ఆయన చూపు మందగించింది. ఈ వేసవి పండక్కి గుడి ముందు కట్టే పెద్ద లాంతరు మీద మా వీధి పేరు, కాజిమాచి, కొత్తగా రాయాలి. జపాను లిపిలో అది మూడక్షరాలే, ఒకదాని కింద ఒకటి. మాస్టారు బొగ్గుముక్క ఆమె చేతికిచ్చాడు.

"ఇది కుదిరితే ఇకమీద గీతలన్నీ నీవే. లేదంటే కొట్టు మూసేద్దాం. పండగ కమిటీవాళ్ళు ప్లాస్టిక్ లాంతర్లకి ఎప్పట్నుంచో సిద్ధంగా ఉన్నారు."

ఆయన కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజున వాన. ఎక్కడో పండగ డోళ్ళ సాధన ఆగకుండా మోగుతోంది. మిసుజు మూడక్షరాలూ బొగ్గుతో గీసింది. అక్కడ ఆగాలి. లాంతర్ని చూరుకు తగిలించి, వీధి ఇవతలికి వచ్చి, తలెత్తి చూడాలి. బొగ్గయితే దులిపేయొచ్చు, సిరా పడితే అంతే. మాస్టారు ఈ పని మానగా నేనెన్నడూ చూడలేదు. ఆమె గుమ్మం దాకా వచ్చింది, వాన చూసింది, లోపలికి పోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది. మాస్టారు తిరిగొచ్చేసరికి సిరా నింపేసింది.

ఆయన లాంతరు తగిలించి నన్ను కేకేశాడు. "టోఫు కొట్టమ్మా, నా కళ్ళకి ఆనడం లేదు. నువ్వు చెప్పు."

బల్ల మీద నిటారుగా ఉన్న అక్షరాలే. కింద నుంచి చూస్తే లాంతరు బొజ్జ ముందుకొచ్చి, అసలే గీతలు కిక్కిరిసిన పై అక్షరం అణిగిపోయింది.

"పైది టోపీ కళ్ళ మీదికి లాక్కున్నట్టుంది," అన్నాను, తప్పక.

"బయటికొచ్చి చూశావా?" అని మిసుజుని అడిగాడు.

"వాన కదా మాస్టారూ. కాగితం తడుస్తుందని..."

"చూరు కింద కాగితం ఎందుకు తడుస్తుంది? తడిసేది నువ్వు."

మిసుజు లాంతరు కిందికి దించింది. "అయితే కొట్టు..."

"కాగితం ఊడదీయి. పుల్లలకేం కాలేదుగా."

"ఈసారి గీత మీరే గీయండి."

"ఏ కళ్ళతో?"

పుల్లల్ని లాంతరు ఆకారంలో ఉన్న చెక్క అచ్చుకి బిగించి కొత్త కాగితం అతికించింది. ఆ ముసురులో అది ఓ పట్టాన ఎండదు. ఆమె కొట్టు ఊడ్చింది, నా వాకిలీ ఊడ్చింది. "అక్కా, ఎండి ఉంటుందంటావా?"

"నన్నడుగుతావేంటి? నేనమ్మేదే నీళ్ళలో ఉంచే తడి సరుకు."

ఎండాక బొగ్గుతో గీసి, చూరుకు తగిలించి, వానలోకి వచ్చి నిలబడింది. పై అక్షరం ఈసారి మరీ సాగింది. వెళ్ళి దులిపి మళ్ళీ గీసింది. మళ్ళీ వచ్చింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. నా కళ్ళకైతే అప్పటికే బాగుంది.

ఇంతలో కమిటీ పెద్ద, చేపల కొట్టు ఒరిటో, గొడుగేసుకుని వచ్చాడు. "క్యూజో గారూ, ఇంకెంత సేపు? ఇవాళిచ్చేస్తారా?"

మాస్టారు గుమ్మంలోంచి కదల్లేదు. "గీత ఆవిడది. ఆవిణ్ణే అడుగు."

ఒరిటో ఆమె వైపు తిరిగాడు. మిసుజు లాంతరు మీంచి చూపు తిప్పలేదు.

"రేపు రండి," అంది. "ఇంకా చూస్తున్నాను."