జంజీరా లోపలి నీళ్లు

నా చిన్నప్పుడు మా వాడలో సముద్రాన్ని చూసిన మనిషి మా చిన్నాయన ఒక్కడే. నిజాం పాలన చివరి రోజులవి. పాలమూరు పల్లెల నుంచి కూలీలు గుంపులు గుంపులుగా బొంబాయి పోయేవాళ్లు. మా నాయిన వద్దంటున్నా వినకుండా చిన్నాయనా పోయి, కొన్నేళ్లు మట్టి తవ్వి, రాళ్లు మోసి తిరిగొచ్చాడు. డబ్బు పెద్దగా తేలేదు. మాటలు మాత్రం మూటలకొద్దీ తెచ్చాడు.

మా వాడకు అప్పుడు సొంత బావి లేదు. కుండలు పట్టుకుని ఊళ్లో పటేలు బావి దగ్గరికి పోయి, గట్టుకు ఎడంగా కూర్చోవాలి. చేద మేము ముట్టకూడదు. నీళ్లు తోడుకోవడానికి వచ్చిన ఇల్లాళ్లలో ఎవరికైనా దయ పుడితే పైనుంచి మా కుండల్లో పోసేవాళ్లు. పుట్టకపోతే పొద్దెక్కేదాకా అలాగే కూర్చోవడం. ఇది అన్యాయమని నాకప్పుడు తోచనే లేదు. ఎండాకాలం ఎండ ఉన్నట్టే ఇదీ ఉందనుకునేదాన్ని.

ఒకరోజు అమ్మా నేనూ అలా కూర్చుని ఉండగా చిన్నాయన వచ్చాడు. బావి నుంచి పారిన నీళ్లు మా వైపు ఒక గుంటలో నిలిచి బురదయ్యేవి. ఆయన పిల్లలందరినీ పోగేసి, ఆ గుంట నడుమ బురదతో ఒక కోట కట్టాడు.

"గీ కోట పేరు జంజీరా. బొంబాయి అవతల సముద్రం నడుమ రాతిగుట్ట మీద కట్టిండ్రు. మరమ్మతుకు రాళ్లు మోయనీకి నన్ను పడవల తోల్కపోయిండ్రు. ఎంత చూసినా గోడే గని దర్వాజా కానరాదు బిడ్డా! పడవ గోడకు తాకుతదేమో అన్నంక కనవడ్డది."

ఆ కోటకు హబ్షీలు ఏలికలట. వాళ్ల పెద్దలు సముద్రం అవతలి దేశం నుంచి వచ్చినవాళ్లట. ఓడ నడపడంలో వాళ్లను మించినవాళ్లు లేరట. మక్కాకు పోయే యాత్రికుల ఓడలకు ఢిల్లీ బాద్షా వాళ్లనే కాపలా పెట్టాడట. గోడల మీద మనిషి పట్టేంత ఫిరంగులట. మరాఠా ఓడలు ఎన్నిసార్లు చుట్టుముట్టినా కోట లొంగలేదట. ఒక రాజు పంతం పట్టి, ఒడ్డు నుంచి కోట దాకా బాట వేస్తానని సముద్రంలో రాళ్లు పోయించాడట. సముద్రం ఆ రాళ్లను మింగి ఊరుకుందట. నేను నోరు తెరుచుకుని విన్నాను. మా ఊరి చెరువు ఎంత నిండినా అవతలి గట్టు కనిపించేది. అవతలి గట్టే లేని నీళ్లు, అవీ నాలుక మీద పెట్టలేనంత ఉప్పు నీళ్లు, ఎలా ఉంటాయో తలుచుకుంటేనే ఒళ్లు జలదరించింది.

చిన్నాయన మోదుగాకులతో పడవలు చేసి మా చేతుల్లో పెట్టాడు. "ఇగ మీరు పట్టుండ్రి గీ కోటను, చూస్తా" అన్నాడు. ఒకడు ఫిరంగులు పేలుస్తానన్నాడు, ఇంకొకడు నిచ్చెన వేస్తానన్నాడు. ఆయన అందరి పడవలనూ నవ్వుతూ ముంచేశాడు. పొద్దుటి నుంచి గొంతు తడవని నాకు వేరే ఉపాయం తోచింది.

"కొట్లాడుడెందుకు చిన్నాయనా? చుట్టూ పడవలు పెట్టి కూసుంటే చాలు. ఉప్పునీళ్లు తాగలేరు గద. దూపకు వాళ్లే బయటికొస్తరు."

చిన్నాయన నవ్వు ఆగిపోయింది. నా వైపు చూశాడు, అమ్మ ముందున్న ఖాళీ కుండల వైపు చూశాడు. బొటనవేలితో కోట లోపల రెండు గుంటలు నొక్కాడు.

"వాళ్లు గూడ గట్లనే అనుకున్నరు బిడ్డా. గని లోపల రెండు చెరువులున్నయి. చుట్టూ ఉప్పు సముద్రం, నడుమ తియ్యటి నీళ్లు! నేను దోసిలి పట్టి తాగిన. గా నీళ్లే లేకుంటే ఓడలేం చేస్తయి, ఫిరంగులేం చేస్తయి?"

ఎప్పుడూ గొంతెత్తని మా అమ్మ, బావి వైపు చూస్తూ, "మరి మన వాడ లోపల ఎందుకు లేవు?" అంది.

మర్నాడు చిన్నాయన గడ్డపార తీసుకుని మా వాడ చివర తవ్వడం మొదలుపెట్టాడు. నాయిన కలిశాడు, తర్వాత వాడంతా కలిసింది. ఆ సంగతి పటేలు ఇంటికి చేరగానే, "సొంత బాయి తవ్వుకునేటోళ్లకు మా నీళ్లెందుకు?" అని మాకు నీళ్లు పోయడం ఆపేశారు. అమ్మ, మిగతా ఆడవాళ్లు వాగు దాకా నడిచి, ఇసుకలో చెలిమలు తోడి, చిన్న పిడత లాంటి గురిగితో నింపి కుండలు మోసేవాళ్లు. తవ్వుతున్న గుంత అడుగున రాయి తగిలింది. సమ్మెట దెబ్బకు నిప్పురవ్వలు తప్ప తడి రాలేదు. గుంత పూడ్చేసి పటేలు కాళ్లు పట్టుకుందామని పెద్దవాళ్లు అన్నారు. చివరికి నాయిన కూడా మెత్తబడ్డాడు. "పూడ్సొద్దు. నేను వాగుకే పోత, సచ్చేదాకైనా పోత" అని అమ్మ గుంత అంచున కూర్చుంది. ఆమెను లేపే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

కొన్నాళ్లకు ఒక మిట్టమధ్యాహ్నం రాతి పగుల్లోంచి నీళ్లు ఊరాయి. మొదటి చేద అమ్మ చేతికే ఇచ్చారు. ఆమె తాడు లాగి చేదింది. దోసిలితో తాగింది. నేనూ తాగాను. కాస్త ఉప్పగానే ఉన్నాయి.

"ఎట్లున్నయి వదినే?" అని చిన్నాయన భయంభయంగా అడిగాడు.

"మనయి" అంది అమ్మ.

నేనిప్పుడు అమ్మ అప్పటి వయసుకు రెండింతలు దాటాను. పెద్ద హోదాలో ఉన్నవాళ్ల ముందు నిలబడి ఏదైనా అడగాల్సి వచ్చినప్పుడు నా తల ఇప్పటికీ దానంతటదే వంగబోతుంది. అప్పుడు బావి దగ్గర అమ్మ "మనయి" అన్న తీరు గుర్తొస్తుంది. తల దించకుండా అడగాల్సింది అడిగేసి ఇంటికొస్తాను.